ఎల్లమాస నాడు దారిన పోయేదాన్ని

మా వీధి ఆడవాళ్ళు మొన్నటి చలికాలంలో బాలి వెళ్ళొచ్చారు. అక్కడ వరి పొలాల మధ్య చెక్క అరుగుల మీద కూర్చోబెట్టి, తలలో పూలు పెట్టి, కొబ్బరాకు బుట్టలో నైవేద్యం ఎలా సర్దాలో నేర్పించారట. ఫొటోలు పంపారు, బాగానే ఉన్నాయి. నన్నూ రమ్మన్నారు, రానన్నాను. డబ్బు దగ్గర వెనకాడుతోందని ఒకావిడ, మోకాళ్ళు పట్టేశాయేమో పాపం అని ఇంకొకావిడ అనుకున్నారు. రెండూ కాదు. భీమవరంలో పుట్టి, భీమవరంలోనే పిండివంటల దుకాణం నడుపుకుంటూ, వరి చేను చూడడానికి విమానం ఎక్కే ఓపిక నాకు లేదు, అంతే.

టూరు వాళ్ళ కాగితం మీద "ఆసియా సంప్రదాయాల యాత్ర" అని పెద్ద అక్షరాలతో ఉంది. నేను జహీరాబాద్ వెళ్ళాను. అది కూడా ఆసియాలోనే ఉందని మా వీధిలో చాలామందికి నేనే చెప్పాల్సి వచ్చింది.

జహీరాబాద్ ఎందుకంటే, మా దుకాణానికి కాజాల కోసం వచ్చే ఒక బ్యాంకు అమ్మాయి వల్ల. ఆమె పుట్టిల్లు అటువైపు. ఒకరోజు మాటల్లో, తమ ఊళ్ళలో ఎల్లమాస అని ఒక అమావాస్య పండుగ ఉందని, ఆ రోజు ఊరంతా వండుకుని చేలకు పోతుందని, దారిన పోయేవాళ్ళు ఎవరైనా సరే పిలిచి తిండి పెడతారని చెప్పింది. ఎవరైనానా అని అడిగాను. ఎవరైనా, అంది. నాకు నమ్మకం కుదరలేదు. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి ఈ వయసు దాకా తిండి అమ్ముకుని బతికినదాన్ని. ఊరికే పిలిచి పెట్టే మాట వింటే నాకు ముందు అనుమానమే వస్తుంది. ఆ అమ్మాయి వాళ్ళ ఇంటికి ఫోన్ చేసి చెబుతానంటే వద్దన్నాను. చెప్పి వెళితే చుట్టాలింటికి వెళ్ళినట్టు. ఎవరికీ చెప్పకుండా దారిన పోయేదాన్నై పోయి, ఎవరు పిలుస్తారో చూద్దామనుకున్నాను.

లాడ్జిలో

ముంబై రోడ్డు మీద బస్సు దిగేసరికి సాయంత్రమైంది. బస్టాండు ఎదురుగా ఇరానీ చాయ్ పది రూపాయలు. మా వైపు టీ కన్నా చిక్కగా, తియ్యగా ఉంది. పక్క బల్ల మీద ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకుంటుంటే చెవి వేశాను. ఒక మాట ఉర్దూ, ఒక మాట తెలుగు, నడుమ కన్నడం, కోపం వచ్చినప్పుడు మరాఠీ. ఒకరి మాట ఒకరికి అందడంలో ఏ ఇబ్బందీ ఉన్నట్టు లేదు. నాకే సగం అందలేదు.

లాడ్జిలో బల్ల వెనక కూర్చున్న మనిషి నన్ను, నా సంచిని, నా వెనక ఖాళీగా ఉన్న గుమ్మాన్ని చూశాడు.

"ఎవలింటికి వచ్చిన్రమ్మా?"

"ఎవరింటికీ కాదండి."

"ఝరాసంగం గుడికా?"

"కాదండి."

"దవాఖాన పనా?"

"ఎల్లమాసకు వచ్చానండి."

"సుట్టాలెవలున్నరు ఈడ?"

"ఎవరూ లేరు."

అతను కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "మీ సార్ నెంబరు జెప్పుండ్రి, రాస్కుంట" అన్నాడు. మా సార్ పైకి పోయి చాలా కాలమైంది, అక్కడి నెంబరు నాకు ఇవ్వలేదు అని చెప్పాను. పెన్ను పక్కన పెట్టి తాళం చెవి ఇచ్చాడు. ఒంటరి ఆడమనిషికి గది ఇవ్వడానికి మగవాడి నెంబరు ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు. తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు చెప్పకండి, ఒళ్ళు మండుతుంది.

సంతలో

ఆ సాయంత్రం కూరగాయల బజారు తిరనాళ్ళలా ఉంది. పచ్చి కందికాయలు, అనపకాయలు, పచ్చి శనగ మోపులు, బఠానీ, చిక్కుడు, వంకాయ, ఉల్లికాడలు, మెంతికూర, ఒక్కొక్కటీ కొంచెం కొంచెం కొంటున్నారు జనం. ఎవరి సంచిలో చూసినా అన్నీ ఉన్నాయి, ఏదీ ఎక్కువ లేదు. ఇవన్నీ విడివిడిగా వండుతారా అని కాయలమ్మే ఆమెను అడిగాను.

"ఇడిగ ఎందుకు? అన్ని గలిపి భజ్జి జేస్తం. శెనగపిండి, శింతపులుసు, ఎల్లిపాయ. ఎన్ని తీర్లేస్తే అంత మంచిది."

"మావైపు భజ్జీ అంటే నూనెలో వేయించేదమ్మా."

"గది నూనెది. గిది చేనుది." ఆమె నా వైపు జాలిగా చూసింది. "మీరు చేన్లకు ఏం పట్టుకపోతరు పండుగకు?"

ఏమీ పట్టుకుపోమని చెప్పడానికి సిగ్గేసింది. మా కృష్ణా గోదావరి జిల్లాల్లో భూమిని పండిస్తాం, కౌలుకిస్తాం, తాకట్టు పెడతాం. భూమికి వండి పెట్టడం నేను ఎరగను. కడుపుతో ఉన్న ఆడపిల్లకు చలిమిడి పెడతాం. ఎల్లమాస నాటికి పైరు పొట్ట మీద ఉంటుంది కాబట్టి భూమి కూడా కడుపుతో ఉన్నట్టేనట. ఆమెకు ఇష్టమైనవన్నీ కలిపి వండేదే భజ్జి అట. ఆ సంగతి చెప్పింది కూడా కాయలమ్మే ఆమే. నేను దుకాణంలో ఇన్ని శ్రీమంతాలకు చలిమిడి కొట్టించాను గానీ, చేనుకు చలిమిడి అన్న ఆలోచన నాకు రాలేదు. పక్క ఊరు కోహీర్‌లో పండే జామకాయలు కిలో కొనుక్కుని గదికి వచ్చాను. అరవై రూపాయలు. లోపల గింజ తక్కువ, కండ ఎక్కువ. రెండు తినేసరికి ఇంక రాత్రి భోజనం అక్కర్లేకపోయింది.

ఎవరూ పిలవని రోడ్డు

మర్నాడు పొద్దున్నే న్యాల్‌కల్ వైపు పోయే షేర్ ఆటో ఎక్కాను. ఎక్కడ దిగుతావని డ్రైవరు అడిగితే, చేలున్న చోట దింపమన్నాను. "అంతట చేన్లే ఉన్నయమ్మా, ఏ చేను?" అన్నాడు. ఏదైనా పరవాలేదన్నాను. ఆటోలో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. కొంచెం దూరం పోయాక, రెండు వైపులా నల్లరేగడి చేలున్న చోట దింపి, ముప్ఫై రూపాయలు తీసుకుని, ఒకసారి వెనక్కి చూసి మరీ పోయాడు.

నడవడం మొదలుపెట్టాను. చలి బాగా ఉంది. తెల్లజొన్న నా భుజం దాకా పెరిగి ఉంది, పక్కన శనగ, గట్ల వెంట ముళ్ళ కుసుమ. చేలల్లో ఒక్క మనిషి లేడు. పిలవడానికి మనిషే లేకపోతే ఇంక పండుగేమిటి అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, లోపల కొంచెం సంతోషంగా కూడా అనిపించింది. ఊరికే పెడతారని చెబితే నమ్మనిదాన్ని నేనే గెలిచాననుకున్నాను. కాసేపటికి గంపలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు గుంపుగా ఎదురొచ్చారు. నన్ను చూసి నవ్వి, ఆగకుండా పోయారు. ఇంకా పూజలు కాలేదు, ఎవరైనా ఎలా పిలుస్తారు? ఆ సంగతి నాకు తట్టలేదు.

గెలిచిన ఊపులో రోడ్డు పక్క చేలోకి వంగి ఒక శనగ మొక్క పీకాను. పచ్చి శనగకాయ ఒలుచుకు తింటుంటే వెనక నుంచి గట్టిగా ఒక కేక.

"ఓ అక్కా, జర నిలబడు."

ఈ వయసులో పరాయి ఊళ్ళో శనగ దొంగతనం. మొక్కను గబగబా సంచిలో కుక్కుకుని తిరిగి చూశాను. నెత్తి మీద గంపతో ఒక ఆడమనిషి, వెనక గుడ్డ కట్టిన గిన్నె పట్టుకుని ఒక పడుచు.

"తప్పయిందండి, ఒక్క మొక్కే…"

"ఆ చేను మాది గాదు," అందావిడ. "మా చేన్లయి ఇంక మంచిగుంటయి. రా, తిందువు."

అలా పిలిచింది నన్ను తుల్జమ్మ. నా పేరు, నా ఊరు, నేనెవరో అడగకముందే పిలిచింది.

ఐదు రాళ్ళు

తుల్జమ్మకు నా వయసే ఉంటుంది. ముక్కుకు రెండు వైపులా పుల్లలు, మోచేతుల దాకా పచ్చబొట్లు. నెత్తిన గంపతో గట్టు మీద ఆమె నడిచిన వేగం నేను ఖాళీ చేతులతో అందుకోలేకపోయాను. గట్టును వాళ్ళు గెట్టు అంటారు. గెట్టు వెంట కుసుమ ముళ్ళు నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని వదల్లేదు. పశువులు రాకుండా చుట్టూ వేస్తారట. పశువుల మాటేమో గానీ భీమవరం చీరలను మాత్రం గట్టిగా ఆపుతుంది.

గిన్నె పట్టుకున్న పడుచు ఆమె కోడలు అనిత. కొడుకు సంగమేశు మోటారు సైకిలు మీద వచ్చాడు గానీ చేలోకి దిగలేదు. రోడ్డు పక్కన బండి ఆపి, దాని మీదే కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. పట్నంలో కంపెనీలో పని, రాత్రి డ్యూటీ దిగి వచ్చాడట.

"మా పిలగాడు జర కోపంల ఉన్నడు," అంది తుల్జమ్మ గంప దించుతూ. "నువ్వేం ఫికర్ జెయ్యకు."

కోపం ఎందుకో నేను అడగక్కర్లేకపోయింది. పచ్చటి శనగచేను నడుమ రెండు చెక్కిన రాళ్ళు పాతి ఉన్నాయి, తలల మీద ఎర్ర రంగు. వాటి చుట్టూ మొక్కలు తొక్కేసి నేల గట్టిపడి ఉంది. ఇవేమిటని అడిగాను.

"సర్వే రాళ్లు. కంపెనీలొస్తయంట. ఈ నడుమకెళ్లి రోడ్డు పోతదంట."

ఆ చుట్టుపక్కల చేల వాళ్ళు చాలామంది ఒప్పుకున్నారట. ఈ చేను తల్లీ కొడుకులిద్దరి పేరు మీదా ఉంది. కొడుకు ఇచ్చేద్దామంటున్నాడు. తల్లి ఇవ్వనంటోంది. అతను సరేనంటే, ఇంటి మగవాడే ఒప్పుకున్నాక నీదేముందమ్మా అని ఆమె మీద పడతారని ఆమెకు తెలుసు. ఇదంతా ఆమె నాకు కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది, చెబుతూనే నేల మీద రాళ్ళు వెతుకుతోంది.

ఆ రాళ్ళు పూజకు. ఐదు రాళ్ళు ఏరి, సున్నం పూసి, కుంకం పెట్టి, పచ్చి జొన్నకర్రలతో కట్టిన చిన్న గుడిసెలో నిలబెడతారు. ఐదుగురు పాండవులట. ఆ రాళ్ళు బయటి నుంచి తేకూడదు, ఆ చేలో పుట్టినవే కావాలి. రేగడిలో రాయి దొరకడం తేలిక కాదు. మూడు దొరికాయి. నాలుగోది అనిత తెచ్చింది. ఐదోదాని కోసం నేనూ వంగి వెతకడం మొదలుపెట్టాను. నడుము పట్టేసింది గానీ మానలేదు.

సంగమేశు రోడ్డు మీంచే అరిచాడు. "ఇంకెందుకమ్మా ఎతుకుతవ్? ఆ ఎర్ర రాళ్లల్లనే ఒకటి పెట్టరాదు. వచ్చే యేటికి అవ్వే ఉంటయి ఈడ."

తుల్జమ్మ తలెత్తలేదు. "అవ్వి మన చేన్ల పుట్టినయి గావు," అంది.

నాకు ఆ అబ్బాయిని పోయి నాలుగు వాయించాలనిపించింది. ఆ మాట నా ముఖంలో కనిపించిందేమో, అనిత నా పక్కకు వచ్చి మెల్లగా చెప్పింది. "మా మామ పోయిన ఎండకాలం ఈ చేన్లనే కూలిండు పెద్దమ్మా. మా ఆయిననే మామను భుజం మీదేసుకుని రోడ్డు దాంక ఉరికిండు. దవాఖానకు పోకముందే పానం పోయింది. అప్పట్నుంచి ఈ చేన్ల అడుగు వెట్టలే. ఈ చేనే మా నాయినను తిన్నదంటడు."

వాయించాలన్న కోరిక పోయింది. ఐదో రాయి ఎక్కడో జొన్న సాలులో తుల్జమ్మకే దొరికింది.

చేను చుట్టూ

పూజ తేలిగ్గానే అయిపోయింది. దీపం, కొబ్బరికాయ, భజ్జి, నువ్వులద్దిన సజ్జరొట్టె, మేము బొబ్బట్లనే పోలెలు, మజ్జిగ కలిపిన జొన్న అంబలి. ఇంక మిగిలింది ఒకటే, అదే అసలుది. ఇంటి మగవాడు అన్నీ కలిపిన అంబలి కుండ పట్టుకుని చేను చుట్టూ తిరుగుతూ చల్లాలి, చల్లుతూ ఒక పిలుపు పిలవాలి. వెనక ఇంకొకరు చెంబుతో నీళ్ళు చల్లుతూ దానికి బదులు పలకాలి. ఆ పిలుపు మాటలు అటు కన్నడమూ కాదు, ఇటు తెలుగూ కాదు. అర్థమేమిటని అడిగితే, అర్థమెందుకు, చేనుకు తెలుస్తది అంది తుల్జమ్మ. ఆమె భర్త విఠల్ పిలిస్తే మూడు చేల అవతలికి వినబడేదట.

ఈ ఏడాది పిలవాల్సింది సంగమేశు.

"రా బిడ్డా," అని పిలిచింది తల్లి.

"నాకు రాదు."

"చిన్నగున్నప్పట్నుంచి మీ నాయిన ఎన్క తిరిగినవ్. రాదంటవ్?"

"రాదమ్మా. పోయే చేనుకు ఎందుకు ఇదంత? నువ్వే గానియ్యి."

చుట్టుపక్కల చేలల్లో అప్పటికే పిలుపులు లేచాయి. ఒక చేలో మగ గొంతు, వెంటనే బదులు, ఇంకో చేలో ఇంకో గొంతు. మా చేను ఒక్కటే మూగగా ఉంది. మా చేను అని ఎందుకు రాశానో నాకు తెలీదు, చేతికి అలాగే వచ్చింది, కొట్టెయ్యను.

తుల్జమ్మ కొంగు తీసి నడుముకు బిగించి, అంబలి కుండ చంకన పెట్టుకుంది.

"అత్తా, ఆడోళ్లు పిలుస్తరా?" అంది అనిత.

"ఇన్నేండ్లు కలుపు తీసినోళ్లు ఆడోళ్లే గదా. పిలిస్తె ఏం బోతది?" నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వు ఎన్క అంటవా? నా కోడలు అన్నదంటే మా పిలగానికి కోపమొస్తది. నీకేమున్నది."

నాకు నిజంగానే ఏమీ లేదు. దుకాణంలో రోజంతా కేకలు వేసే గొంతు మాత్రం ఉంది. ఏమనాలో ఒకటికి రెండుసార్లు చెప్పించుకుని, చెంబు అందుకున్నాను.

ఆమె మొదటి పిలుపు సన్నగా వచ్చింది. సిగ్గుపడుతోందని అర్థమైంది. నేను బదులు పలికాను, రాగం తప్పింది. పక్క చేలో మగవాళ్ళు తిరిగి చూసి నవ్వారు. ఆ నవ్వు వినేసరికి తుల్జమ్మ రెండో పిలుపు గట్టిగా పిలిచింది. మూడోది ఇంకా గట్టిగా. నేనూ తగ్గలేదు. రాగం పోతే పోయింది, గొంతు ఉందిగా. పడమటి గెట్టు తిరిగేసరికి, నవ్విన చేలోంచే ఎవరో నాతో పాటు బదులు పలకడం వినబడింది. వేళాకోళానికి కాదు, సరిగ్గానే. కుసుమ ముళ్ళకు నా చీర అంచు జానెడు చిరిగింది. పట్టించుకోలేదు.

చుట్టు పూర్తయ్యాక ఆమె ఆగలేదు. శనగచేలోకి దిగి ఆ ఎర్ర రాళ్ళ దగ్గరికి పోయింది. అంబలి తీసుకుని రాళ్ళకు తగలకుండా, వాటి చుట్టూ తొక్కిపడేసిన నేల మీద చల్లింది.

"రాయి వాళ్లది," అంది. "మట్టి నాది."

నేను చెంబులో మిగిలిన నీళ్ళన్నీ అక్కడే పోశాను.

జీపు

చొప్ప పరిచి, మోదుగాకు ఇస్తళ్ళు వేసి కూర్చున్నాం. భజ్జి గురించి చెప్పాలి. చిక్కగా, కొంచెం పుల్లగా, ఒక ముద్దలో కందిగింజ, ఇంకో ముద్దలో చిక్కుడు తగులుతూ ఉంటుంది. పులుపు ఒక పిసరు ఎక్కువైందని నా వృత్తిధర్మంగా అనిపించింది గానీ పైకి అనలేదు. సజ్జరొట్టె మీది నువ్వులు కరకరలాడాయి. అంబలిలో వెల్లుల్లి ఘాటుకు మొదటి గుక్కకే కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. నా అవస్థ చూసి అత్తాకోడళ్ళు కడుపు పట్టుకు నవ్వారు. "అన్నం దినేటోళ్లకు గట్లనే అయితది," అంది తుల్జమ్మ. "రెండో గిలాసకు అలవాటైతది." రెండో గిలాసకు అలవాటైంది.

బీదర్ కోట అక్కడికి దగ్గరేనట. అంత దూరం వెళ్ళి కోట చూడలేదా అని ఊళ్ళో చాలామంది అడిగారు. చూడలేదు, చూడనందుకు బాధ కూడా లేదు. ఆ పూట నేను ఒక చేలో చొప్ప మీద కూర్చుని, రోడ్డు మీద ఎవరు కనిపించినా చెయ్యి ఊపి పిలిచే పనిలో ఉన్నాను. పాల వ్యాను డ్రైవరు వచ్చి తిని పోయాడు. బడి టీచరు ఒకామె, తాను ఇప్పటికే రెండు చేలల్లో తిన్నానని మొత్తుకుంటూ, ఒక రొట్టె చేతిలో పట్టుకుని పోయింది.

అప్పుడు జీపు వచ్చింది. తెల్లది, నెమ్మదిగా, గతుకుల మీద ఊగుతూ. తుల్జమ్మ లేచి నిలబడింది. అంతసేపూ బండి మీదే ఉన్న సంగమేశు ఒక్క ఉదుటున గెట్టు మీదికి వచ్చాడు.

"అమ్మా, వాళ్లను పిల్వకు. వాళ్లు సర్వేవోళ్లు."

"ఎరికే."

"తినవెట్టి కాళ్లమీద పడుతున్నరు అనుకుంటరు. నాకు ఇజ్జత్ తక్కువ. ఇచ్చేదుంటె ఇద్దాం, లేకుంటె లే. గని గిట్ల పిలుసుడు వద్దు."

ఇచ్చేద్దామన్నవాడే పిలవొద్దంటున్నాడు. ఇవ్వనన్న ఆమె పిలుస్తానంటోంది. నన్ను అడిగితే నేను కూడా కొడుకు మాటే అనేదాన్ని. మా దుకాణం ముందు కాలవ తవ్వించినవాళ్ళకు నేను మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

తుల్జమ్మ కొడుకు ముఖంలోకి చూసి చెప్పింది. "దారిల పోయేటోన్ని పిలిచేది ఎవలు బిడ్డా? చేను గలోళ్లు. ఇయ్యాల నేను వాళ్లను పిల్వకుంటె, ఈ చేను నాది గాదని నేనే ఒప్పుకున్నట్టు."

ఆ మాట అనేసి, రోడ్డు వైపు తిరిగి, పొద్దున నన్ను పిలిచిన గొంతుతోనే పిలిచింది. జీపు ఆగింది. డ్రైవరు, వెనక సీట్లోంచి ఒక సారు దిగారు. కళ్ళజోడు, చేతిలో చుట్టిన పటం. డ్యూటీలో ఉన్నామమ్మా, అన్నాడు సారు.

"డ్యూటీల ఉంటె ఆకలి గాదా సారూ? కూసోండ్రి."

కూర్చున్నారు. సారు ఖమ్మం వైపు మనిషట, ఎల్లమాస గురించి ఎప్పుడూ వినలేదట. చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే నాకు తేలిగ్గా ఉండేది. రొట్టె విరవడం చేతకాక ఇబ్బంది పడుతుంటే అనిత విరిచి ఇచ్చింది. భజ్జి బాగుందని రెండుసార్లు వేయించుకున్నాడు. తింటూ తింటూ చేను వైపు, రాళ్ళ వైపు, తడిసిన నేల వైపు చూశాడు. ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదనుకున్నాడో, తిన్నదానికి నిజం చెప్పాలనుకున్నాడో గానీ, తల వంచుకుని చిన్నగా అన్నాడు.

"అమ్మా, నా చేతిలో ఏం లేదు. చుట్టుపక్కల అందరూ ఒప్పుకున్నారు. వచ్చే ఏడాది ఈపాటికి ఇక్కడ రోడ్డు వచ్చేస్తది."

అతని ముందు ఇస్తరి లాగి పారేయాలని నాకు చెయ్యి దురద పెట్టింది. నేనైతే లాగేసేదాన్ని.

తుల్జమ్మ గరిటె నిండా భజ్జి తీసి మూడోసారి అతని ఇస్తట్లో వేసింది.

"రానియ్యి సారూ," అంది. "రోడ్డు మీద పోయేటోళ్లను గూడ గిట్లనే పిలుస్త."

సారు చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది. తుల్జమ్మ ఇంక అతని వైపు చూడలేదు, గిన్నెలో అడుగు గోకుతోంది.

సంగమేశు గెట్టు మీదే నిలబడి ఉన్నాడు. ముఖం ఎర్రగా ఉంది, కోపమో ఏడుపో నాకు తెలియలేదు. అంతలో న్యాల్‌కల్ వైపు నుంచి ఒక మోటారు సైకిలు వస్తూ కనిపించింది, మీద ఇద్దరు మనుషులు, నడుమ గ్యాసు సిలిండరు. అతను చెప్పులు గెట్టు మీద విడిచాడు. చేలోకి దిగి, శనగ సాళ్ళ మధ్య నుంచి, ఆ ఎర్ర రాళ్ళ పక్క నుంచి గబగబా నడిచి రోడ్డెక్కి, బండికి అడ్డంగా చెయ్యి చాపాడు.

"అన్నా, జర ఆగుండ్రి. మా చేన్ల ఇంత తిని పోండ్రి."